రచయితకు ఒక పూట ఉద్యోగం

మా కార్యాలయానికి వచ్చే ఉత్తరాలలో పాటలు కోరేవి ఎక్కువ, సలహా కోరేవి తక్కువ. తక్కువ గనుకనే అవి కొంతకాలం బల్లమీద ఉండిపోతాయి. నిరుడు వర్షాకాలంలో వచ్చిన అటువంటి ఉత్తరం ఒకటి ఈ ప్రసంగానికి మూలం. వ్రాసిన యువకునికి ఇరవైనాలుగేళ్లు. డిగ్రీ పూర్తిచేసినాడు. నాలుగు కథలు అచ్చయినవి, నవల ఒకటి సగంలో ఉన్నది. అతని ఎదుట రెండు ఉద్యోగాలు నిలిచినవి. ఒకటి హైదరాబాదులో ఒక దినపత్రికలో ఉపసంపాదకత్వం. రెండవది తమ మండలంలోనే ఒక పల్లెలో బ్రాంచి పోస్టుమాస్టరు పని, రోజుకు నాలుగు గంటలు. తండ్రిగారు, స్నేహితులు, కథలను మెచ్చుకొన్న కాలేజీ మాస్టారు అందరూ ముక్తకంఠంతో మొదటిదే మేలన్నారట. రచయిత కాగోరేవాడు పత్రికకు పోక పోస్టాఫీసులో ముద్రలు కొట్టుకొంటూ కూర్చుంటాడా అని వారి ప్రశ్న. పదిహేను రోజులలో తేల్చుకోవాలి, మీరేమంటారు అని ఉత్తరం ముగిసినది.

వారి ప్రశ్నలో ఒక నమ్మకం దాగి ఉన్నది. అక్షరానికి సంబంధించిన ఉద్యోగం రచయితకు చేపకు నీటివంటిదని మన నమ్మకం. నేనూ ఆ నమ్మకంతోనే ఈ వృత్తిలోకి వచ్చినాను. ఇరవైయేళ్ల అనుభవం తరువాత దానిని కొంత సవరించుకోవలసి వచ్చినది.

నా పని ఇతరుల మాటలు సరిచేయడం. పది నిమిషాల ప్రసంగం పదమూడు నిమిషాలకు వ్రాసి తెస్తే మూడు నిమిషాలు కోయాలి. కోసినట్లు వక్తకు తెలియకుండ కోయాలి. ఉదయంనుంచి సాయంత్రందాక ఆ పని చేసి, ఇంటికి వచ్చి నా నవల ముందు కూర్చుంటే, నా పాత్రలు కూడ "ఇప్పుడు మీరు వినబోయేది" అన్న ధోరణిలో మాట్లాడేవి. పగలంతా తోడిన బావిలోనే రాత్రి మళ్లీ చేద వేసినట్లుండేది. అడుగున బురద తప్ప ఏమీ వచ్చేది కాదు.

ఇరవై ఆరవయేట మొదలుపెట్టిన నవల మూడు ప్రకరణాల వద్ద ఎనిమిదేళ్లు ఆగినది. అప్పుడు నన్ను రెండేళ్లపాటు పాత టేపుల పట్టిక తయారుచేసే పనిలో వేసినారు. పేరు, తేదీ, నిడివి, టేపు ఏ స్థితిలో ఉన్నది అనే నాలుగు గళ్లు నింపితే పని అయిపోతుంది. సాయంత్రం అయిదు తరువాత ఆ పని గూర్చి ఆలోచించడానికి ఏమీ మిగలదు. తోటివారు సానుభూతి చూపినారు. నేనూ చిన్నబుచ్చుకొన్నాను. కాని ఆ రెండేళ్లలోనే అయిదు ప్రకరణాలు వ్రాసినాను. ఈ సంగతి నాకు అప్పుడు తట్టలేదు. సగౌరవంగా ప్రసంగాల విభాగానికి తిరిగివచ్చిన చాలకాలానికి, ఎనిమిదవ ప్రకరణం చివర వేసుకొన్న తేదీ చూసినప్పుడు తెలిసినది. తొమ్మిదవ ప్రకరణం ఇంకా రాలేదు.

ఇది నా ఒక్కని అనుభవమయితే ప్రసంగించవలసిన పనిలేదు. ప్రపంచ సాహిత్యంలో ఉద్యోగం చేస్తూ వ్రాసినవారి చరిత్రలు చూస్తే ఈ సంగతి మరింత తేటపడుతుంది.

ఆంగ్ల నవలాకారుడు ఆంటనీ ట్రాలప్ 1834లో తపాలాశాఖలో గుమాస్తాగా చేరి 1867వరకు పనిచేసినాడు. నలభైయేడు నవలలు వ్రాసినాడు. వాటిలో ఎన్నో ఆ ఉద్యోగకాలంలోనివే. ఆయన పద్ధతి ఆయన స్వీయచరిత్రలోనే ఉన్నది. ఉదయం అయిదున్నరకు బల్లవద్ద కూర్చోవాలి. నిద్రలేపి కాఫీ ఇవ్వడానికి ముసలి సేవకునికి ఏడాదికి అయిదు పౌనులు అదనంగా ఇచ్చేవాడు. గడియారం ఎదురుగా పెట్టుకొని పావుగంటకు రెండువందల యాభై మాటల చొప్పున వ్రాసేవాడు. ఇది కవిత్వమా, కమతమా అని ఆ పుస్తకం 1883లో వెలువడినప్పుడు పలువురు చప్పరించినారు. కాని ఒక మాట గమనించాలి. తపాలా పనిమీద ఐర్లండు పల్లెలన్నీ గుర్రంమీద తిరిగిన మనిషి ఆయన. ఆ ఉద్యోగం ఆయనకు మనుషులను చూపింది, జీతం ఇచ్చింది, తెల్లవారుజాము వదిలిపెట్టింది.

అయితే పోస్టాఫీసులో ఏదో మహిమ ఉన్నదని అనుకోవద్దు. అమెరికా రచయిత విలియం ఫాక్నర్ 1920లలో మిసిసిపీ విశ్వవిద్యాలయపు పోస్టాఫీసుకు పోస్టుమాస్టరుగా ఉన్నాడు. కిటికీ వద్ద జనం నిలబడి ఉంటే లోపల చదువుకొంటూ కూర్చొనేవాడు. ఫిర్యాదులు వచ్చినవి. 1924లో ఆ ఉద్యోగం వదులుకొన్నాడు. అదే మనిషి 1929లో అదే విశ్వవిద్యాలయపు విద్యుత్కేంద్రంలో రాత్రి డ్యూటీలో ఉంటూ ఒక గొప్ప నవలను ఆరేడు వారాలలో ముగించినాడు. జనంతో పని ఒకరికి పడుతుంది, యంత్రంతో పని మరొకరికి పడుతుంది. తన స్వభావం తెలియకుండ ఉద్యోగం ఎంచుకోరాదు.

ప్రేగు నగరవాసి ఫ్రాంజ్ కాఫ్కా చరిత్ర మన ప్రశ్నకు మరింత దగ్గరగా ఉన్నది. న్యాయశాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకొని 1907లో ఒక ఇన్సూరెన్సు కంపెనీలో చేరినాడు. ఉదయం ఎనిమిదినుంచి సాయంత్రం ఆరువరకు పని. వ్రాత సాగలేదు. ఏడాది తిరగకుండానే మాని, 1908లో కార్మికుల ప్రమాద బీమా సంస్థలో చేరినాడు. అక్కడ ఆకర్షణ జీతం కాదు, వేళలు. ఎనిమిదినుంచి రెండువరకు ఒకే పూట. మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం నడక, ఇల్లు సద్దుమణిగిన తరువాత రాత్రి పదిపదకొండు గంటలకు వ్రాత. 1912 సెప్టెంబరు 22 రాత్రి పదింటికి కూర్చొని మరునాటి ఉదయం ఆరింటికి "తీర్పు" అనే కథను ఏకధాటిగా ముగించినది ఈ ఏర్పాటులోనే. పగటిపూట ఆయన చేసిన పని రంపపు మిల్లులలో, ఫ్యాక్టరీలలో కార్మికుల వేళ్లు తెగకుండ ఏ జాగ్రత్తలు తీసుకోవాలో నివేదికలు వ్రాయడం. యంత్రం ముందు, ఆఫీసు ముందు నిస్సహాయుడై నిలబడిన మనిషి ఆయన కథలలోకి ఎక్కడనుంచి వచ్చినాడో వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ ఏర్పాటుకు ఆయన చెల్లించిన మూల్యం కూడ చెప్పాలి. నిద్ర చాలలేదు. 1917లో క్షయ బయటపడినది. ఒక పూట ఉద్యోగం చేసేవాడు రెండవ పూటను, రాత్రిని రెండింటినీ వ్రాతకు ఇస్తే శరీరం ఊరుకోదు.

నిజమైన అర్థంలో ఒక పూట ఉద్యోగి పోర్చుగీసు కవి ఫెర్నాందో పెసోవా. దక్షిణాఫ్రికాలోని డర్బనులో చదువుకొన్నందున ఇంగ్లీషు బాగా వచ్చును. లిస్బనులోని ఎగుమతి దిగుమతి వ్యాపారులకు ఇంగ్లీషు, ఫ్రెంచి ఉత్తరాలు వ్రాసిపెట్టి జీవించినాడు. ఒకే యజమాని లేడు, కట్టుదిట్టమైన వేళలు లేవు. స్వేచ్ఛకు లోపం లేదు. కాని 1935లో మరణించేనాటికి పోర్చుగీసు భాషలో ఆయన వెలువరించిన పుస్తకం ఒక్కటే. మిగిలినదంతా ఒక పెట్టెలో దొరికినది. ఇరవైఅయిదు వేలకు మించిన కాగితాలు. అందులో ఒక గుమాస్తా దినచర్యవంటి రచనను పండితులు ఏరి కూర్చి 1982లో అచ్చువేసినారు. వేళలు లేకపోవడం వరమే గాని, పని ముగించమని తొందరచేసేది కూడ ఏదో ఒకటి ఉండాలి.

ఇక పూర్తికాలపు చాకిరీ చేసినవారికి చార్లెస్ లాంబు గురుస్థానీయుడు. 1792లో లండనులోని ఈస్టిండియా కంపెనీ కచేరీలో పద్దుల గుమాస్తాగా చేరి 1825వరకు ముప్పదిమూడేళ్లు గడిపినాడు. మన ఉత్తరసర్కారులనుంచి ఓడలకెక్కిన బట్టల లెక్కలు కూడ ఆ లెడ్జర్లలో ఉండి ఉండవచ్చునని నాకొక ఊహ. మతి చలించే అక్కగారిని జీవితాంతం పోషించవలసిన బాధ్యత ఆయనది. ఉద్యోగం మానడానికి వీలులేదు. ఆ కచేరీని విసుక్కొంటూనే, అందులో ఉండగానే, 1820నుంచి ఏలియా వ్యాసాలు ఆరంభించినాడు. పింఛను వచ్చినది, రోజులన్నీ తనవే అయినవి. ఆ స్వేచ్ఛ మొదట ఎంత తికమకపెట్టినదో ఆయనే ఒక వ్యాసంలో వర్ణించినాడు. కాని చేతినిండ కాలం ఉన్న ఆ సంవత్సరాలు మునుపటివలె పండలేదు. ఉద్యోగం మానితే వ్రాత దానంతటదే వస్తుందని ఎదురుచూసే మిత్రులు ఈ చరిత్ర చదవాలి.

మన తెలుగులో ఒక పూట ఉద్యోగాల సంప్రదాయం పెద్దగా లేదు. మన రచయితలు ఎక్కువగా ఉపాధ్యాయులు, న్యాయవాదులు, పత్రికలవారు, రేడియోవారు. కాళీపట్నం రామారావుగారు మూడు దశాబ్దాలు విశాఖపట్నంలో ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పినారు. సాహిత్యం కాదు, లెక్కలు. పాలగుమ్మి పద్మరాజుగారు రసాయనశాస్త్ర అధ్యాపకులు. 1952లో అంతర్జాతీయ కథలపోటీలో రెండవ బహుమతి తెచ్చిన "గాలివాన" అటువంటి చేతినుంచి వచ్చినది. రావిశాస్త్రిగారు విశాఖ కోర్టులో న్యాయవాది. సారా కేసులలో బోనెక్కిన పేదలు, సాక్ష్యం చెప్పే పోలీసులు, వాయిదాలు, జరిమానాలు, అన్నీ ఆయనకు వకాల్తాతోపాటు చేతికి వచ్చినవి. "ఆరు సారా కథలు" కోర్టు వరండా ఎరుగనివాడు వ్రాయలేడు. ఈ ముగ్గురి పనులలోను ఒక పోలిక ఉన్నది. వారి పగటిపని వారి వాక్యాన్ని వాడుకోలేదు.

దీనికి ఎదురు నిదర్శనాలు లేకపోలేదు. కొడవటిగంటి కుటుంబరావుగారు 1952నుంచి 1980లో మరణించేవరకు "చందమామ"లో పనిచేస్తూనే తమ రచన సాగించినారు. పిల్లలకు కథలు తీర్చిన కలంతోనే పెద్దలకు నవలలు వ్రాసినారు. బుచ్చిబాబుగారు రేడియో ఉద్యోగి. కనుక నా నవల ఆగిపోయినందుకు నా వృత్తిని మాత్రమే నిందిస్తే అది పూర్తి న్యాయం కాదు. వారి బావిలో నీరు ఎక్కువ. నావంటి సామాన్యుల బావిని గూర్చియే ఇక్కడ చెపుతున్నాను.

ఆ సామాన్యునికి నేడు దొరికే పనులేవి? పల్లెలోని బ్రాంచి పోస్టాఫీసు వాటిలో మొదటిది. ఒకప్పుడు ఇ.డి. పోస్టుమాస్టరు అనేవారు, అనేక ఊళ్లలో బడిపంతులుగారే ఆ పని కూడ చూసేవారు. నేడు గ్రామీణ డాక్ సేవకులంటారు. పదవ తరగతి మార్కులనుబట్టి ఎంపిక. పని రోజుకు నాలుగు లేక అయిదు గంటలు, అంతకు మించరాదు. 2018లో సవరించినప్పుడు బ్రాంచి పోస్టుమాస్టరుకు నాలుగు గంటలకు నెలకు 12,000 రూపాయలు, అయిదు గంటలకు 14,500 రూపాయలు ఆరంభ భత్యంగా నిర్ణయించినారు. దానిపై కరువు భత్యం వేరు. అరవైఅయిదేళ్లవరకు ఉండవచ్చును. అయితే రెండు షరతులు గమనించాలి. తనకు వేరే ఆదాయం కూడ ఉన్నదని అభ్యర్థి ధ్రువపరచాలి. అనగా దీనితోనే సంసారం సాగుతుందని ప్రభుత్వమే అనుకోవడం లేదు. పోస్టాఫీసుకు కావలసిన గది కూడ తానే చూపాలి. తరచు ఇంటి ముందరి గదియే ఆఫీసు అవుతుంది. ఈ రెండవ షరతు చిన్నదిగా కనిపిస్తుంది గాని చిన్నది కాదు.

తక్కిన పనులను గూర్చి నా అభిప్రాయాలు క్లుప్తంగా చెపుతాను. పత్రికకు మండల విలేఖరిగా లైన్ అకౌంటుమీద పనిచేయడం పేరుకు ఒక పూట పని. ప్రమాదం, దొంగతనం, మంత్రిగారి రాక, ఏదీ వేళ చూసి రాదు. ఫోను మోగినప్పుడల్లా లేవాలి. లోకానుభవం పుష్కలం, నిశ్చింత శూన్యం. ప్రూఫులు దిద్దడం భాషకు మంచి శిక్షణ. ఒకటి రెండేళ్లు చేస్తే మంచిదే, ఆ తరువాత కళ్లు అచ్చుతప్పులనే వెదకుతాయి, కథను చూడవు. పేజీ లెక్కన అనువాదం గౌరవమైన పనియే. నేను బావి అన్నది దీనికే అందరికన్న ఎక్కువగా వర్తిస్తుంది. ఇంటివద్ద ట్యూషన్లు సాయంత్రాన్ని తింటాయి, ఉదయాన్ని వదులుతాయి. తెల్లవారుజామున వ్రాసే అలవాటు ఉన్నవారికి ఇంతకంటే అనుకూలమైనది లేదు. లెక్కలు చెపితే మరీ మంచిది. రిజిస్ట్రారు ఆఫీసు ముందు దస్తావేజులు వ్రాసేవారిని మన కథకులు తగినంత గమనించలేదనిపిస్తుంది. అన్నదమ్ముల పంపకం, కూతురికి ఇచ్చే దానపట్టా, చావుకు ముందు వీలునామా, ఇవన్నీ వచ్చే బల్ల అది. హోటలులోనో ఆసుపత్రిలోనో రాత్రి కౌంటరు పని వయసులో ఉన్నవారికి, పెళ్లికానివారికి. రెండు మూడేళ్లకు మించి వద్దు.

ఇల్లు నడిపే స్త్రీలకు ఈ లెక్క అంతా వేరు. వారికి ఇంటిపని ఉన్నది. దానికి పూట లేదు, సెలవు లేదు, జీతమూ లేదు. బయట నాలుగు గంటల ఉద్యోగం దొరికితే మిగిలిన వేళ వ్రాతకు దక్కుతుందని మగవాడు అనుకోవచ్చును. ఆమెకు ఆ వేళ వంటింటికి పోతుంది. ఒక రచయిత్రి నాతో అన్నారు, ఆఫీసులో మధ్యాహ్నభోజనపు ముప్పావుగంటే తనకు రచనాగృహమని. ఇంటిల్లిపాది ఆ ముప్పావుగంటను రెండు గంటలు చేయగలిగితే, ఏ ఉద్యోగమూ ఇవ్వలేనిది ఇచ్చినట్లే.

ఎవరికైనను చివరకు అవసరమైన వేళ ఎంత? మనం అనుకొనేదానికంటే తక్కువ. గంటకు మూడువందల మాటలు వ్రాయగలిగినవాడు, రోజుకు ఒక్క గంట చొప్పున ఏడాదిలో మూడువందల రోజులు కూర్చుంటే తొంభైవేల మాటలు. అది ఒక మంచి నవల. చిక్కంతా ఆ గంటకు మనస్సు ఏ స్థితిలో చేరుతుందన్నదే. పైఅధికారి అన్న మాట చెవిలో మోగుతుంటే అది గంట కాదు. నెలాఖరు అద్దెకు డబ్బులేదన్న బెంగ ఉంటే అదీ గంట కాదు. తక్కువ వేళల ఉద్యోగం మొదటి బాధను తగ్గించి రెండవదాన్ని పెంచుతుంది. ఈ రెండింటి మధ్య ఎవరి తూకం వారు చూసుకోవలసిందే.

ఆ యువకునికి జవాబు వ్రాయడానికి నాకు వారం పట్టినది. సలహా ఇవ్వడం తేలిక, ఎదుటివాని తండ్రికి సమాధానం చెప్పడం తేలిక కాదు. తమ ఇంటికి రెండెకరాల మాగాణి ఉన్నదని, చెల్లెలి పెళ్లి అయిపోయినదని అతడు వ్రాసినాడు. ఆ రెండు సంగతులు లేకుంటే పత్రికకే పొమ్మనేవాణ్ణి. ఉన్నవి గనుక పోస్టాఫీసే మంచిదన్నాను. రెండేళ్లు గడువు పెట్టుకొమ్మని, ఆ లోపల నవల ముగియకపోతే పత్రికలవారు ఎక్కడికీ పోరని, గడువు సంగతి తండ్రిగారికి ముందే చెప్పమని వ్రాసినాను. నా నవల కథ కూడ దాచకుండ చెప్పినాను.

సంక్రాంతి తరువాత మళ్లీ ఉత్తరం వచ్చినది. చేరినాడు. ఆఫీసు ఇంటి ముందరి గదిలోనే పెట్టినాడు. పొదుపు ఖాతాల పద్దులు, ఉత్తరాల సంచి, ముద్రలు, పుస్తకాలు కట్టడం, అన్నీ నాలుగు గంటలలో అయిపోతాయి. కాని తలుపు మూసిన తరువాత ఊరివారు వెనుకదారిన వస్తున్నారట. ఒకరికి దరఖాస్తు నింపాలి, ఒకరికి ఆధారులో ఫోను నంబరు మార్చాలి, ఒక ముసలమ్మకు దుబాయిలో ఉన్న మనుమని మెసేజి చదివిపెట్టాలి. కాదనలేడు. నా లెక్కలో ఇది లేదు. ఇంటిలోనే ఆఫీసు ఉన్నవానికి వేళ ముగియదన్న సంగతి నేను ముందే చెప్పి ఉండవలసినది. ఉదయం నాలుగున్నరకు లేస్తున్నానని, ఊరు నిద్రలేచేవరకు వ్రాస్తున్నానని, నవల పదకొండవ ప్రకరణంలో ఉన్నదని వ్రాసినాడు. ఆ ముసలమ్మను అందులోకి తెచ్చినాడట.

నా తొమ్మిదవ ప్రకరణం ఏమైనదని చివరి వాక్యంలో అడిగినాడు. ఆ ఉత్తరం ఇంకా నా బల్లమీదనే ఉన్నది.